మూడు నెలల ప్యాకేజీ అన్నచోట మీ మనిషిని చేర్చకండి

ఇంట్లో మనిషి వారం రోజులుగా నిద్రపోవడం లేదు, ఎవరో తనను చంపడానికి వస్తున్నారంటాడు. లేదా తాగుడు చేయి దాటిపోయింది, పొద్దున లేస్తూనే చేతులు వణుకుతున్నాయి. అలాంటి ఇంట్లోవాళ్లు ఫోన్‌లో వెతికి ఏదో ఒక ప్రైవేటు సెంటర్‌కు కాల్ చేస్తే అటువైపు నుంచి చాలాసార్లు వినపడేది ఇదీ: "మూడు నెలల ప్యాకేజీ అండీ, అన్నీ అందులోనే. మొదటి నెల ఫోన్లు, చూడ్డానికి రావడాలు ఉండవు. ఆయన రానంటే మీరు కంగారు పడకండి, మా బాయ్స్ వచ్చి తీసుకెళ్తారు."

ఈ మూడింటిలో ఏ ఒక్క మాట వినపడినా అడ్వాన్స్ కట్టకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వీటిలో దేన్నీ ఒప్పుకోదు. "మాది హాస్పిటల్ కాదు, రీహాబ్, ఆ చట్టం మాకు వర్తించదు" అంటారు. అది అబద్ధం. మద్యం, మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం లెక్కలో మానసిక అనారోగ్యమే. ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం అని బోర్డు పెట్టుకున్నా సరే, ఇలాంటివాళ్లను చేర్చుకుని ఉంచే ప్రతి చోటూ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ కావాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా గోడకు ఉండాలి. వెళ్లగానే అడగాల్సింది అదే. సర్టిఫికెట్ మీద పేరు, చిరునామా మీరు నిలబడ్డ భవనానివేనా, గడువు ఉందా చూడండి. ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ గడువు 12 నెలలే. ఒక బ్రాంచికి తీసుకున్న కాగితాన్ని నాలుగు బ్రాంచిల్లో తగిలించేవాళ్లున్నారు. సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రస్టు డీడ్, జీఎస్టీ నంబరు చూపిస్తే అవి దీనికి చెల్లవు.

ఇక ప్యాకేజీ సంగతి. ఒక మనిషిని ఎన్నాళ్లు లోపల ఉంచాలన్నది డబ్బు కట్టేటప్పుడు తేలే విషయం కాదు. చట్టంలో పెద్దవాళ్లను చేర్చుకునే దారులు ప్రధానంగా రెండు. మొదటిది సెక్షన్ 86: మనిషి తనంతట తాను ఒప్పుకుని చేరడం. అలా చేరినవాళ్లు వెళ్లిపోతానంటే పంపాల్సిందే. ప్రమాదం ఉందని అనుమానం వస్తే పరీక్ష కోసం గరిష్ఠంగా 24 గంటలు ఆపవచ్చు, అంతే. రెండోది సెక్షన్ 89: నిర్ణయం తీసుకునే స్థితిలో లేని మనిషిని నామినేటెడ్ ప్రతినిధి (ఆ మనిషి తరఫున మాట్లాడటానికి చట్టం గుర్తించే వ్యక్తి) దరఖాస్తు మీద చేర్చుకోవడం. దీనికి ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి. ఒకరు కచ్చితంగా సైకియాట్రిస్టు, రెండోవారు మరో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో కావాలి. ఆ పరీక్ష చేరిన రోజునో, అంతకుముందు ఏడు రోజుల్లోనో జరిగి ఉండాలి. తనకు తాను హాని చేసుకునే ప్రమాదం, ఇతరులపై దాడి, తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే పరిస్థితి, వీటిలో ఒకటి ఉందని ఇద్దరూ రాయాలి. "తాగుతాడు, మాట వినడు" అన్నది ఆ జాబితాలో లేదు.

అంతా సక్రమంగా ఉన్నా సెక్షన్ 89 కింద ఉంచగలిగేది 30 రోజుల వరకే. ఆ లోపల ప్రతి ఏడు రోజులకూ మనిషి నిర్ణయ సామర్థ్యాన్ని మళ్లీ చూడాలి. సామర్థ్యం వచ్చిందంటే ఆ అడ్మిషన్ అక్కడితో ముగిసింది, ఉంటాడో పోతాడో తనిష్టం. 30 రోజులు దాటాలంటే సెక్షన్ 90: ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా చూడాలి, జిల్లా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు 21 రోజుల్లోగా అనుమతించాలి. అప్పుడు కూడా మొదట 90 రోజుల వరకే. మరి ఫోన్‌లోనే మూడు నెలలు ఎలా ఖాయమైపోయాయి? కొన్నిచోట్ల 29వ రోజున కాగితం మీద డిశ్చార్జ్ చేసి మర్నాడు కొత్త అడ్మిషన్ రాస్తారు. చట్టం దీన్ని ముందే ఊహించింది. డిశ్చార్జ్ అయిన ఏడు రోజుల్లోపు మళ్లీ చేర్చినా సెక్షన్ 90 నిబంధనలే వర్తిస్తాయి.

అడ్మిషన్ టేబుల్ దగ్గర జరిగేది జాగ్రత్తగా గమనించండి. నాలుగైదు పేజీల ఫారాలు ముందు పెట్టి టిక్ పెట్టిన చోటల్లా సంతకాలు చేయమంటారు. వాటిలో తేదీ, సమయం, డాక్టర్ పేరు రాయాల్సిన గళ్లు ఖాళీగా ఉంటాయి. ఒకటి రెండు తెల్లకాగితాలు కూడా కలుస్తాయి. మనిషి మత్తులో ఉంటే బొటనవేలిని ప్యాడ్ మీద అద్ది సెక్షన్ 86 ఫారం మీద ముద్ర వేయిస్తారు, ఇష్టపూర్వకంగా చేరినట్టు. ఇంజెక్షన్ మత్తులో వేసిన ముద్ర సమ్మతి కాదు. ఖాళీ గడి ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఏ సెక్షన్ కింద చేర్చుకుంటున్నారో రాయించి, ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. "ఫోటోలు తీయకూడదు, రూల్" అన్నారంటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

"మా బాయ్స్ వచ్చి తీసుకెళ్తారు" అన్న మాట వీటన్నిటికంటే ప్రమాదకరం. రాత్రిపూట నలుగురు వచ్చి మనిషిని అదిమిపట్టి సూది గుచ్చి బండెక్కిస్తారు. ఆ సూదిలో ఏముందో, ఎంత మోతాదో, ఇచ్చినవాడి చదువేమిటో ఎవరికీ తెలియదు. తాగి ఉన్న మనిషికి మత్తు ఇంజెక్షన్ తోడైతే శ్వాస మందగిస్తుంది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు పెడితే, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే, దారిలోనే ప్రాణం పోవచ్చు. నిజంగా అత్యవసరమైతే రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చని చట్టమే చెబుతోంది. అందుకు 108కో 112కో ఫోన్ చేయాలి, పికప్ గ్యాంగుకు కాదు.

తాగుడు మాన్పించే చోట మొదటి కొన్ని రోజుల్లోనే ప్రాణాపాయం ఎక్కువ. రోజూ ఎక్కువగా తాగే మనిషికి హఠాత్తుగా ఆపేస్తే ఆరు గంటలు మొదలుకొని రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం రావచ్చు. అంటే జ్వరం, విపరీతమైన చెమట, గుండె దడ, లేనివి కనపడటం. సరైన చోట ఈ రోజుల్లో కొన్ని గంటలకోసారి నాడి, బీపీ, ఉష్ణోగ్రత చూసి, లోరాజెపామ్, డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందుల్లో ఒకటి లెక్కప్రకారం ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అది లేకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. డాక్టర్ లేని సెంటర్లలో ఇదే డెలీరియాన్ని "నాటకాలు ఆడుతున్నాడు" అని మంచానికి కట్టేస్తారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?" డ్యూటీ డాక్టర్ పేరు, దగ్గర్లో ఏ ఐసీయూకి తరలిస్తారో ఆ పేరు చెప్పగలగాలి. వారానికోసారి వచ్చి సంతకాలు చేసి వెళ్లే సైకియాట్రిస్టు పేరు గోడ మీద ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా ఆ రాత్రికి పనికిరాదు.

నెల రోజులు ఫోన్ ఉండదు, కలవనివ్వరు అన్న షరతు ఎందుకు పెడతారో అర్థం చేసుకోవాలి. దెబ్బలు తగిలి ఉంటే వాటి గుర్తులు మాయడానికి ఆ నెల సరిపోతుంది. సెక్షన్ 26 కింద లోపలున్న మనిషికి ఫోన్ మాట్లాడే హక్కు, వచ్చినవాళ్లను కలిసే హక్కు ఉన్నాయి. సమయాలు పెట్టుకోవచ్చు, మొత్తంగా నిషేధించలేరు. వెళ్లినప్పుడు సీసీటీవీలో చూపిస్తామంటే ఒప్పుకోకండి, మనిషితో విడిగా పది నిమిషాలు కూర్చోవాలి. నోట్లోంచి చొంగ కారుతోందా, మెడ ఒక పక్కకు బిగుసుకుపోయిందా, నడక రోబోలా మారిందా చూడండి. హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బుల మందుల వల్ల, ముఖ్యంగా మోతాదు మించితే, ఇలా అవుతుంది. "చూశారా, ఎంత నెమ్మదైపోయాడో" అని చూపించేది చాలాసార్లు దీన్నే. మణికట్టు, చీలమండల దగ్గర రాపిడి గుర్తులుంటే కట్టేశారని అర్థం.

కట్టేయడం గురించి చట్టం చాలా స్పష్టంగా ఉంది. గొలుసులు ఏ రూపంలోనూ కూడదు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకలకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా తాళం వేసిన గ్రిల్ వెనుక ఇరవై మంది, ఒక్కటే మెట్లదారి, తాళంచెవి వార్డెన్ జేబులో ఉన్న సెంటర్లు ఊరి చివర కనపడుతూనే ఉన్నాయి. మంటలొస్తే ఏ దారిన బయటికి వస్తారో తప్పక చూడండి. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషేధం. తాత్కాలికంగా పట్టి ఉంచడానికి కూడా అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి మరో దారి లేకపోవాలి, బాధ్యత ఉన్న సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, కేస్ షీట్‌లో కారణం రాయాలి, ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. శిక్షగానో, సిబ్బంది చాలడం లేదనో చేయడానికి వీల్లేదు. బలవంతంగా గుండు గీయించడం, యూనిఫాం తొడగడం, జీతం లేకుండా వంటపని చేయించడం కూడా చట్టవిరుద్ధమే. "వర్క్ థెరపీ" అని పేరు పెడితే మారిపోదు.

కరెంట్ షాక్ చికిత్సంటేనే భయపడాల్సిన పనిలేదు, తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణం నిలబెడుతుంది. కానీ మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడం నిషేధం. కాబట్టి అనస్థీషియా డాక్టర్ ఎవరో, ఆక్సిజన్, మానిటర్ ఉన్నాయో లేదో అడగండి. దానికి సమ్మతి పత్రం అడ్మిషన్ ఫారంలో కలిపేయకుండా విడిగా ఉండాలి. 18 ఏళ్లలోపువాళ్లకు సమీక్షా బోర్డు అనుమతి లేకుండా ఇవ్వకూడదు.

డబ్బు విషయంలో రెండు ముక్కలు. మానసిక అనారోగ్యానికి మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని సెక్షన్ 21 చెబుతుంది, కానీ మద్యం, మత్తుమందుల అలవాటుకు చేసే చికిత్స చాలా పాలసీల్లో మినహాయింపు కింద ఉంటుంది. "క్లెయిమ్ మేం చూసుకుంటాం" అనే మాట నమ్మి కట్టకండి, ముందు బీమా కంపెనీని అడగండి. రెండోది, మొత్తం ముందే కట్టించుకుని మధ్యలో తీసుకెళ్తే పైసా వాపసు ఇవ్వమంటారు. వారం వారం బిల్లు తీసుకునే చోటే చేర్చండి. రసీదులో మందులు, గది, డాక్టర్ ఫీజు విడివిడిగా ఉండాలి.

ఇప్పటికే చేర్చేసి ఉంటే ఆలస్యం చేయకండి. ఇన్‌ఛార్జి మెడికల్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అడగండి: ఏ సెక్షన్, ఏ తేదీ, పరీక్ష చేసిన ఇద్దరి పేర్లు, ఏడు రోజుల సమీక్షల నకళ్లు, సమీక్షా బోర్డుకు తెలియజేసిన తేదీ. సెక్షన్ 89 అడ్మిషన్ గురించి బోర్డుకు ఏడు రోజుల్లో తెలియజేయాలి, ఆడవాళ్ల విషయంలో మూడు రోజుల్లోనే. ఈ ఉత్తరం అందగానే డిశ్చార్జ్ మాటెత్తే సెంటర్లు చాలా ఉంటాయి, ఎందుకంటే చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. పంపకపోతే అడ్మిషన్‌ను సవాలు చేస్తూ బోర్డుకు దరఖాస్తు చేయండి, ఏడు రోజుల్లో తేల్చాలి. బోర్డు పనిచేయని జిల్లా అయితే రాష్ట్ర అథారిటీకి రాస్తూ, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. నంబరు 15100, లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. కొట్టారని తెలిస్తే బయటికి రాగానే అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే డాక్టర్ దెబ్బలను అధికారికంగా నమోదు చేయడం) చేయించండి. వాపసు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు.

బోర్డులు అన్ని జిల్లాల్లో కూర్చుని పనిచేసేదాకా, రిజిస్టరైన సెంటర్ల జాబితా ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా పెట్టేదాకా ఈ దందా ఆగదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా రూ.5,000 నుంచి రూ.50,000 మాత్రమే. అంత లాభం ఉన్న వ్యాపారానికి అది లెక్కలోకే రాదు.

చేర్చకుండానే నయమయ్యేవాళ్లు ఎక్కువమంది ఉంటారన్నది కూడా మరవకండి. ముందు 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. చేర్చక తప్పదంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడ రద్దీ ఉంటుంది, గదులు అంత బాగుండవు, కానీ రాత్రిపూట డాక్టర్ ఉంటారు.

ఎక్కడ చేర్చినా డిశ్చార్జ్ రోజు కాగితం లేకుండా గేటు దాటకండి. అందులో జబ్బు పేరు, ప్రతి మందు పేరు, మోతాదు, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంటే చివరిసారి వేసిన తేదీ ఉండాలి. లిథియం (మూడ్ నిలకడగా ఉంచే మందు) ఇస్తుంటే రక్తంలో దాని మోతాదు రిపోర్టు కావాలి. హెరాయిన్ లాంటివి వాడిన మనిషి అయితే ఇంకో సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి: నెలల తరబడి మానేశాక శరీరం పాత మోతాదును తట్టుకోదు, ఒక్కసారి పాత లెక్కలో తీసుకున్నా ప్రాణం పోవచ్చు. మనిషి కుదురుకున్నాక, తన నామినేటెడ్ ప్రతినిధి ఎవరో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. చట్టానికి అది చాలు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మళ్లీ ఎప్పుడైనా చేర్చాల్సి వస్తే ఎవరి సంతకం చెల్లుతుందో ఆ కాగితమే చెబుతుంది.