విజయవాడలో పెద్ద కుటుంబానికి అద్దె ఇల్లు: కింది వాటానా, ఫ్లాటా?

అత్తమామలు, పిల్లలతో కలిపి ఆరుగురుండే ఇంటికి నా ఓటు ఇండిపెండెంట్ ఇంట్లో కింది వాటాకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్టు ఆగిపోతుందన్న టెన్షన్ ఉండదు. బట్టలారేయడానికి, వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి డాబా ఉంటుంది. ఓనర్ వాడుకోనిస్తారో లేదో మాత్రం ముందే అడగాలి.

అయితే అజిత్‌సింగ్ నగర్ వైపు చూస్తుంటే లెక్క మారుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అక్కడ ముందు మునిగింది కింది వాటాలే. ఆ వైపైతే కింది వాటా అద్దె ఎంత తక్కువైనా నేను పై అంతస్తు ఫ్లాటే తీసుకోమంటాను. ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్లను అడగండి.

ఫ్లాటులో వాచ్‌మన్, జనరేటర్, కారు పెట్టుకునే చోటు కలిసొస్తాయి. అద్దెకు తోడు నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. మూడు బెడ్‌రూమ్‌లన్నా, మూడోది చాలాచోట్ల మంచం, బీరువా పడితే నిండిపోతుంది.

వాటాలో అసలు తగవు కరెంటు దగ్గరే. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది కాబట్టి రెండు వాటాలకు ఒకే మీటరుంటే ఇద్దరి వాడకం కలిసి పై శ్లాబులోకి వెళ్తుంది. సబ్ మీటరుతో యూనిట్లు తెలుస్తాయి గానీ శ్లాబు తగ్గదు. విడి మీటరు లేని వాటాకు అడ్వాన్సు ఇవ్వకండి.

మొగల్రాజపురం, పటమట లాంటి చోట్ల పాత ఇల్లు నచ్చితే ఇంకో మాట కూడా అడగాలి: బిల్డరుకు ఇచ్చే ఆలోచన ఉందా అని. ఉంటే పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఖాళీ చేయించకూడదని అగ్రిమెంటులో రాయించుకోండి.