ఉపన్యాసాలకు రెండు మార్కులు, మెంటరుకు తొమ్మిది

హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. సైన్సు చదవాలనుకునే ఆడపిల్లలకు తోడుగా ఆ రంగంలోని మహిళను మెంటరుగా ఇచ్చే ఒక ఆన్‌లైన్ కార్యక్రమంలో ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి బాలికలను చేర్పించాను. ఎలా ఉందని తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ప్రారంభ సభ అయితే దండగ. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, అందరి నోటా మేరీ క్యూరీయే. 1903లో ఒకటి, 1911లో ఒకటి, రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మనిషిని చూపించి ‘నువ్వూ అలా కావాలి’ అంటే, కటకాల లెక్క దగ్గరే తడబడుతున్న పిల్లకు ధైర్యం వస్తుందా? ఒకమ్మాయి కెమెరా ఆపేసి జడ అల్లుకోవడం మొదలుపెట్టింది. నేనేమీ అనలేదు.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. మా బృందానికి వచ్చిన మెంటరు పీహెచ్‌డీ ఇంకా పూర్తికాని ఖగోళశాస్త్ర విద్యార్థిని. తన గురించి గొప్పలేమీ చెప్పకుండా, పనిచేయకుండా మొరాయిస్తున్న తన ప్రోగ్రామును తెర మీద పెట్టి, ‘తప్పు ఎక్కడుందో నాకూ దొరకడం లేదు, మీరూ చూడండి’ అంది. మా పిల్లలు నిటారుగా కూర్చున్నది అప్పుడే. తర్వాత వాళ్లకు గెలాక్సీ జూ అప్పగించింది. టెలిస్కోపు తీసిన ఫొటోలు చూసి గెలాక్సీల ఆకారాలను గుర్తించే పని అది; ఎవరైనా చేయవచ్చు. 2007లో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ మహిళ ఆ ఫొటోల్లోనే ఒక గెలాక్సీ పక్కన ఎవరికీ అంతుపట్టని వెలుగును గమనించింది. ఆమె బడిలో టీచరు. ఆ మాట వినగానే పిల్లలు నా వైపు చూసిన చూపు నాకేమీ నచ్చలేదు!

ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ గురించి మాట్లాడుకున్న రోజు గంట దాటిపోయినా ఎవరూ లేవలేదు. 1967లో ఆమె పరిశోధక విద్యార్థిని. రేడియో టెలిస్కోపు నుంచి రోజుకు దాదాపు 30 మీటర్ల కాగితం వచ్చేది, దాన్ని కళ్లతోనే వెతకాలి. అందులో అర అంగుళమైనా లేని ఒక గీతల చిక్కును ఆమె వదిలిపెట్టలేదు. అది పల్సారు నుంచి, అంటే గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్ర శేషం నుంచి వచ్చిన సంకేతం. ‘మరి 1974లో నోబెల్ ఆమె గురువుకు ఎందుకిచ్చారు?’ అని మా వాళ్లు నిలదీశారు. మెంటరు మాట దాటేయలేదు, అన్యాయమనే తన అభిప్రాయమని చెప్పింది. 2018లో వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని బెల్ తనకు ఉంచుకోకుండా, భౌతికశాస్త్రంలో అవకాశాలు తక్కువగా అందుతున్న వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం ఇచ్చేశారనీ చెప్పింది. అలా ఇవ్వడం సరైనదేనా అని పిల్లలు మరుసటి రోజు కూడా కొట్లాడుకున్నారు.

పేరున్న ప్రొఫెసరు కంటే నాలుగు మెట్లు పైనున్న అక్క మేలని నా నమ్మకం. దాస్‌గుప్తా, డెన్నెహీ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 150 మంది ఇంజనీరింగ్ విద్యార్థినులకు మెంటర్లుగా ఉన్నది సీనియర్ విద్యార్థులే. మహిళా మెంటరు దొరికినవారిలో మొదటి ఏడాది ముగిసేసరికి ఒక్కరూ ఇంజనీరింగ్ వదల్లేదు. మెంటరే లేనివారిలో 11 శాతం వెళ్లిపోయారు. వాళ్లను నిలబెట్టింది మార్కులు కాదు, ‘ఇది నా చోటే’ అన్న భావన.

ఇక నిర్వాహకులు వినవలసిన మాటలు. పురుగుల మీద ఆసక్తి అని రాసిన అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని జతచేశారు. మార్చమని ఎన్నిసార్లు రాసినా అదే అచ్చు జవాబు. ఇంకో మెంటరు చెప్పాపెట్టకుండా మానేసింది. ఆమెకు వేరే పనులుండవచ్చు, తప్పుపట్టను. కానీ ఆ పిల్ల తానేదో అడగకూడనిది అడిగానని కుమిలిపోయింది. మెంటరు మానేస్తే పిల్లకు ఎవరు చెప్పాలి, బదులుగా ఎవరు రావాలి అన్నది ముందే తేల్చని కార్యక్రమానికి పిల్లలను అప్పగించడం కష్టం. సర్టిఫికెట్లు మాత్రం ఠంచనుగా వచ్చాయి. ప్రతి సందేశం టీచరుకూ కనిపించేలా పెట్టడం మంచి ఏర్పాటు, అది ఒప్పుకోవాలి.

వచ్చే ఏడాది మళ్లీ చేర్పిస్తాను. మీరు చేర్పిస్తే దరఖాస్తులోనే ‘ఇంకా చదువుకుంటున్న మెంటరు కావాలి’ అని రాయండి, ఆమె మానేస్తే ఎవరొస్తారో రాతపూర్వకంగా అడగండి. ప్రారంభ సభకు పిల్లలను పంపకపోయినా ఏమీ కాదు.