పెట్టె చరఖాతో ఏడేళ్లు

ముందే చెప్పేస్తాను, ఈ పెట్టె చరఖా కొన్నది నూలు వడకాలన్న ముచ్చటతో కాదు, అల్లిక పిచ్చితో. అప్పటికి పదేళ్లుగా ఊలుతో అల్లుతున్నాను. ఊలు మన ఎండలకు పనికిరాదు. బజార్లో దొరికే నూలు దారంతో అల్లితే బట్ట తడిసిన తాడులా బరువుగా వేలాడుతుంది. నా నూలు నేనే వడుక్కుని, నచ్చిన రంగు వేసుకుని, సన్నగా అల్లుకుంటే పోలా అనుకున్నాను. ఏడేళ్లయింది. చరఖా ఇంకా తిరుగుతోంది, రంగు గిన్నెలు ఒక అలమర ఆక్రమించాయి, చిన్న బల్ల మగ్గం ఒకటి వచ్చి చేరింది. అల్లిక కోసం కొన్న వస్తువు వల్ల అల్లిక మాత్రం దాదాపు మూలపడింది.

తెలియనివాళ్ల కోసం వస్తువు గురించి నాలుగు ముక్కలు. మూస్తే చిన్న సూట్‌కేసులా ఉంటుంది. తెరిస్తే పిడి ఉన్న పెద్ద చక్రం, దాని పక్కన చిన్న చక్రం, ఒక చివర కదురు, అంటే దారం మెలి తిరిగి చుట్టుకునే సన్నని పుల్ల. పెద్దది చిన్నదాన్ని తిప్పుతుంది, చిన్నది కదురును తిప్పుతుంది. పాత రాట్నంలో నిలబెట్టిన ఒక్క పెద్ద చక్రం చేసే పనిని ఇక్కడ పడుకోబెట్టిన రెండు చక్రాలు పంచుకుంటాయి. అందుకే ఇంత చిన్న పెట్టెలో ఇమిడిపోయింది. గాంధీజీ యరవాడ జైలు రోజులతో ముడిపడినది కాబట్టి యరవాడ చరఖా అనీ అంటారు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన చరఖా తయారుచేసినవాళ్లకు లక్ష రూపాయల బహుమతి ప్రకటించిందంటే, ఈ చిన్న వస్తువు వెనక ఎంత బుర్ర ఖర్చయిందో ఊహించుకోవచ్చు. లక్ష అంటే అప్పటి లక్ష!

నాకొచ్చిన పెట్టెలో మూడు కదుళ్లున్నాయి, అందులో ఒకటి వంకర. అమ్మినవాళ్లు "వాడుతుంటే సరిపోతుంది" అన్నారు. వాడుతుంటే వంకర సరిపోదు, మనమే దానికి అలవాటు పడతాం, అంతే. కొత్తగా కొనేవాళ్లు అన్నిటికంటే ముందు కదురు చూడండి. అద్దం ముక్క మీద పెట్టి వేలితో దొర్లించండి. కొన ఎగిరెగిరి పడుతుంటే వెంటనే మార్చమనండి. వంకర కదురుతో వడికితే దారం కొన దగ్గర జర్క్ ఇచ్చి తెగుతుంది, తప్పు మన చేతిదనుకుని మనం కుమిలిపోతాం. నేను అలా మూడు వారాలు కుమిలాను.

ఆ మొదటి నెల గురించి దాచేదేం లేదు. మెత్తటి ఏకు (వడకడానికి చుట్టుకున్న దూది వత్తి), తేలిగ్గా సాగుతుంది కదా అని కూర్చుంటే అది నిజంగానే మేకై కూర్చుంది. గంటలో పాతిక మీటర్లు, అందులో ఎన్ని ముడులో. కుడిచెయ్యి చక్రం తిప్పాలి, ఎడమచెయ్యి ఏకును వెనక్కి లాగాలి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. నా చేతులు ఎడమొహం పెడమొహంగా ఉండేవి. అమ్మ వచ్చి చూసి "బొంతలో కుక్కడానికా ఇది?" అని వెళ్లిపోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, పత్తికి పురి, అంటే మెలిక, చాలా ఎక్కువ కావాలి. ఊలు పోగు పొడుగ్గా, పొలుసులతో ఉంటుంది కాబట్టి కొంచెం పురి ఇచ్చినా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పత్తి పోగు మామూలుగా రెండున్నర మూడు సెంటీమీటర్లు మించదు, పైగా నున్నగా ఉంటుంది. పురి తక్కువైతే జారిపోతుంది. దారం చెయ్యి చాచినంత లాగాక, కదురు మీదికి చుట్టే ముందు, ఆగి చక్రాన్ని ఇంకో రెండు మూడుసార్లు తిప్పడం అలవాటయ్యాక నా నూలు తెగడం మానింది. ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నెల మిగిలేది. ఇంకోటి, గాలిలో కాస్త తేమ ఉంటే పత్తి బాగా వడుకుతుంది. మండు వేసవి మధ్యాహ్నం కంటే ముసురు పట్టిన పొద్దున నా చేతిలో నూలు సన్నగా దిగుతుంది. కాకపోతే అదే ముసురుకి చక్రాల మధ్య నూలుతాడు బిగుసుకుని తిప్పడం బరువవుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

చరఖా కన్నా ఏకు ముఖ్యం, ఈ మాట గట్టిగా చెప్పగలను. సరిగ్గా ఏకని దూదితో ఎంత ఖరీదైన చరఖా మీద వడికినా గడ్డలే వస్తాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య చెత్తా పొట్టి పోగులూ ఆగిపోయి, పోగులన్నీ ఒకే దారిలో పడుకుంటాయి. అక్కడ వంద నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) దిగేది చక్రం మహిమ వల్ల కాదు, చక్రం దాకా రాకముందు జరిగే ఆ ఓపిక పని వల్ల. నేను దువ్వెన బ్రష్షుల జతతో ఏకుతాను, నా నూలు ఇరవై నంబరు దగ్గర ఆగింది. అంటే పది గ్రాముల దూదికి సుమారు 340 మీటర్లు. దానితో నాకు గొడవ లేదు. ఇప్పుడు గంటకు రెండొందల మీటర్ల దాకా వడకగలను, అదీ టీవీ చూస్తూ.

ఇక అల్లిక సంగతి. మొదటి చిలప (నూలు చుట్ట) చేతికి రాగానే ఆత్రంగా సూదులకెక్కించాను. పదిహేను వరుసలు అల్లి చూస్తే చతురస్రం కావాల్సింది పక్కకు ఒరిగిపోయింది. కుట్లు లెక్కపెట్టాను, తప్పు లేదు. తప్పు నూలులో ఉంది. ఒంటిపోగు నూలులో ఎక్కువ పురి ఉంటే, అల్లినప్పుడు ఆ పురి విప్పుకోవాలని ప్రయత్నిస్తుంది, దానితో బట్ట మొత్తం ఒకవైపు మెలి తిరుగుతుంది. పత్తికి పురి ఎక్కువ కావాలి, అల్లికకు పురి ఎక్కువ ఉండకూడదు. మందు ఒకటే, రెండు పోగులు కలిపి ఎదురు దిశలో పురి పెట్టడం. దానికి చరఖా చక్రాన్ని అవతలి వైపు తిప్పితే చాలు, పని జరుగుతుంది. కానీ చరఖా కదురు సన్నది, కొంచెమే పడుతుంది. రెండు పోగుల నూలు యాభై మీటర్లు చుట్టేసరికి కదురు నిండి దారం జారిపోవడం మొదలవుతుంది. విప్పు, చిలప చుట్టు, మళ్లీ మొదలెట్టు. ఇక్కడే ఈ వస్తువుకు నేను మార్కులు తగ్గిస్తాను. అల్లిక నూలు చేసుకోవాలనుకునేవాళ్లకు పెట్టె చరఖా సరైన పనిముట్టు కాదు. కాలితో తొక్కే రాట్నం కొనుక్కోండి. ఆఖరికి బరువున్న చేతి కదురైనా నయం.

అంత కష్టపడి పేనిన నూలుతో ఒక్క పొట్టి చేతుల చొక్కా అల్లాను. నాలుగు నెలలు పట్టింది. ఊలులా పత్తికి సాగుడు లేదు, ప్రతి కుట్టునూ వేళ్లే లాగాలి, రోజూ సాయంత్రానికి మణికట్టు నొప్పి. ఉతికితే కింది అంచు నాలుగంగుళాలు సాగింది. ఇప్పుడది నా రాత్రి చొక్కా.

రంగుల దగ్గరికొస్తే, చేసే ముందు ఇది తేలిక పని అనుకున్నాను. అన్నిటికన్నా నన్ను ఎక్కువ కూర్చోబెట్టి పాఠం చెప్పింది ఇదే. నూలును ముందు వాషింగ్ సోడా వేసి గంటసేపు ఉడకబెట్టాలి. తెల్లగా, శుభ్రంగా ఉందనుకున్న నా నూలు నుంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు దిగాయి. పత్తి పోగు మీద ఉండే మైనమూ జిడ్డూ అది. ఆ మెట్టు దాటేసిన మొదటి చిలపకు రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. ఉడికించాక కరక్కాయ పొడి, ఆ తర్వాత పటిక. నూలు బరువులో ఐదో వంతు కరక్కాయ, అంతకంటే కాస్త తక్కువ పటిక, ఇదీ నా లెక్క. పట్టు, ఊలు అయితే పటికను నేరుగా పట్టుకుంటాయి. పత్తి అలా పట్టుకోదు, కరక్కాయలోని వగరు మధ్యవర్తిత్వం చేయాలి. "ఉప్పు వేస్తే రంగు నిలుస్తుంది", "వెనిగర్ వేస్తే దిగదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వేసి చూశాను. ఉప్పు నీళ్లలో ముంచిన బీట్‌రూట్ చిలప రెండో ఉతుకుకి పాత బనియను రంగులోకి వచ్చింది.

కిటికీ పరీక్ష ఒకటి చేశాను, అందరికీ చెబుతుంటాను. రంగు వేసిన ప్రతి నూలునుంచీ కొంచెం తీసి అట్టముక్క మీద చుట్టి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో నెలరోజులు వదిలేశాను. పసుపు ఎండ తగిలిన వైపు దాదాపు మాయమైంది. బంతిపువ్వు కొంచెం వెలిసింది. మంజిష్ఠ (ఎరుపునిచ్చే వేరు), నీలిమందుల్లో కప్పిన వైపుకీ కప్పని వైపుకీ తేడా కనిపెట్టడానికి కళ్లజోడు తీసుకోవాల్సి వచ్చింది. పసుపు కొమ్ముల మీద నాకు ప్రేమ ఉంది, కానీ బట్టకు మాత్రం ఇక వాడను.

మంజిష్ఠతో ఒక టెన్షన్ ఉంది. నీళ్లు మరిగిపోతే ఎరుపు కాస్తా ఇటుక గోధుమలోకి జారుతుంది. వేడి 70 డిగ్రీల దగ్గర ఆపుకోవాలి, పొయ్యి దగ్గర నుంచి లేవకూడదు. ఇనుముతో ఇంకో కథ. బంతిపూల రంగును పొరపాటున ఇనుప మూకుట్లో కాచాను, బంగారం కావాల్సింది ఆలివ్ పచ్చలోకి తిరిగింది. చెడిపోయిందని ఏడ్చి, మరుసటి రోజు చూసి నచ్చి, ఇప్పుడు కావాలనే వేస్తున్నాను. కరక్కాయ నూలు ఇనుప నీళ్లలో పడితే నలుపు వస్తుంది. కలంకారీ పనివాళ్లు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి చేసుకునే కసిమి నలుపు ఇదే. ఒకటి గుర్తుంచుకోండి, ఇనుము ఎక్కువైతే పత్తి పోగు పెళుసు బారుతుంది. నా మొదటి నల్ల చిలప ఏడాది తిరిగేసరికి చేతిలోనే పటపట తెగింది.

నీలిమందు తొట్టి గురించి రాయాలంటే పేజీలు పడుతుంది. దానికి కరక్కాయా అక్కర్లేదు, పటికా అక్కర్లేదు. సున్నం, బెల్లం వేసి తొట్టిలో నీలాన్ని కరిగే స్థితికి తేవాలి, అప్పుడు నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. ముంచిన చిలపను బయటికి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలి కళ్లముందే నీలమవుతుంది. ఏడేళ్లలో ఎన్నిసార్లు చూశానో, ఇప్పటికీ ఇంట్లో వాళ్లను కేకేసి పిలుస్తాను. ఇప్పుడు ఎవరూ రారు.

అసలు విషయం ఏమిటంటే, రంగు వేస్తే నూలు బండారం బయటపడుతుంది. తెల్లగా ఉన్నప్పుడు సమంగా కనిపించిన దారం నీలంలో ముంచగానే, పురి వదులుగా ఉన్నచోట ముదురుగా, బిగువుగా ఉన్నచోట లేతగా తేలుతుంది. ఏ రోజు పరధ్యానంగా కూర్చున్నానో చిలప చూసి చెప్పగలను. అల్లికలో ఆ గీతలు అసహ్యంగా మచ్చల్లా గుంపుకట్టాయి. మగ్గం మీద అదే నూలు పేకగా (అడ్డపోగుగా) వేస్తే మాత్రం చూడముచ్చటగా వచ్చింది. పడుగు (నిలువు పోగుల) కింద పైన పడుతుంటే ముదురూ లేతా కలిసిపోయి, నీళ్ల మీద గాలి పాకినట్టుంది. నా మనసు మగ్గం వైపు తిరిగింది ఆ రోజే.

మగ్గం చిన్నది, నలభై సెంటీమీటర్ల వెడల్పు. సందులూ రంధ్రాలూ ఉన్న ఒక్క అచ్చు (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి పలక), దాన్ని పైకి కిందికి మారుస్తూ నాడె (పేక దారం మోసే పుల్ల) తోయడమే. మొదటిసారి ఒంటిపోగు నూలును గంజి పెట్టకుండా పడుగు వేశాను. అచ్చు రాపిడికి పోగులు నూగు లేచి ఒక్కొక్కటే తెగాయి. పడుగుకు గంజి ఎందుకు పెడతారో పుస్తకంలో చదివితే అర్థం కాదు, ముప్పై ఎనిమిది తెగిన పోగులు ముడేస్తే అర్థమవుతుంది. ఇప్పుడు పడుగుకు రెండు పోగులు పేనిన నూలు, అదీ గంజి పెట్టి. పేకకు ఒంటిపోగు.

లెక్క ఇష్టపడేవాళ్లకు: అరవై సెంటీమీటర్ల పొడవు, నలభై వెడల్పు తువ్వాలుకు వెడల్పులో సెంటీమీటరుకి ఐదు పోగుల చొప్పున రెండొందల పడుగు పోగులు. మగ్గం మీద వృథా పోయేదానితో కలిపి ఒక్కోటి 1.2 మీటర్లు, మొత్తం 240 మీటర్లు. పేనిన నూలు కాబట్టి వడకాల్సింది 480. పేకకు ఇంకో 126. అంటే ఆరొందల మీటర్ల పైచిలుకు. వడకడం మూడు గంటలు, ఏకడం, పేనడం, ఉడకబెట్టడం, రంగు, గంజి, పడుగు ఎక్కించడం, నేత కలిపి చూసుకుంటే ఒక తువ్వాలు వెనక రెండు మూడు సెలవురోజులున్నాయి. డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

చరఖా మన్నిక విషయానికొస్తే, ఫిర్యాదులు తక్కువ. ఆరు నెలలకోసారి చక్రాల తాడు మారుస్తాను, నేను వడికిన నూలునే పురిపెట్టి మైనం రాసి వాడతాను. కదురు ఆనే చోట వారానికో చుక్క నూనె. నూనె మరిచిపోతే అదే కిర్రుమని గుర్తు చేస్తుంది. నాలుగో ఏట పెట్టె మూత బందు ఊడింది, వడ్రంగి చేత వేయించాను. కింద కూర్చుని వాడాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. నేను ఏడాదిగా పొట్టి బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంటున్నాను, చేతి కోణం కుదరడానికి పది రోజులు పట్టింది.

సన్నటి పత్తి నూలు కోసం, మగ్గం కోసం అయితే ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అల్లిక కోసం అయితే రెండు. ఈ నెల్లో పెద్ద చక్రం కింది స్ప్రింగు వదులైంది, తాడు ఎంత బిగించినా జారుతోంది. సరిపోయే స్ప్రింగు దొరికేదాకా మడతపెట్టిన అట్టముక్క ఒకటి దూర్చి నడిపిస్తున్నాను.