అటక మీది హోల్డాల్ ఏ ఊరికి పనికొస్తుంది?

చలికాలం సెలవుల్లో ఒక రాత్రి గుడారంలో పడుకుందామని పిల్లలు అడగ్గానే ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకరు ఫోన్లో కొత్త టెంట్ల ధరలు చూస్తుంటారు. ఇంకొకరు స్టూలేసుకుని అటక మీంచి తాతగారి హోల్డాల్ (పడకను చుట్టి మోసుకెళ్లే కాన్వాసు సంచి), కిరోసిన్‌తో మండే ఇత్తడి పంపు స్టవ్వు, మరమూత ఉన్న మరచెంబు దింపుతుంటారు. ఆ రెండో పనిని తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఆ సామానులో సగానికి పైగా ప్రయాణాల కోసమే చేసినవి. అయితే ఏ వస్తువూ అన్ని ఊళ్లకూ పనికిరాదు. లంబసింగిలో చలి ఆపే బొంత మారేడుమిల్లి వాగు ఒడ్డున తేమ పీల్చి మోత బరువవుతుంది. పంపు స్టవ్వునూ కిరోసిన్‌నూ రైలెక్కించడం నేరం. ముందు ఊరు తేల్చుకుని, ఆ తర్వాత అటక ఎక్కండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, హైదరాబాదు వైపువాళ్లయితే, వికారాబాదు అనంతగిరి చాలు. సుమారు 80 కిలోమీటర్లు. ఏదైనా మరిచిపోయినా, అర్ధరాత్రి పసివాడికి ఒళ్లు వెచ్చబడినా రెండు మూడు గంటల్లో ఇంట్లో ఉంటారు. అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన కొండలు, దగ్గర్లో కోటిపల్లి జలాశయం ఉన్నాయి కాబట్టి పగలు తోచకపోవడం ఉండదు. ప్రశాంతత కోసమే అయితే మాత్రం శని, ఆదివారాలు వెళ్లొద్దు. ఒక జాగ్రత్త: అరకు దారిలో ఇంకో అనంతగిరి ఉంది. రెండు చోట్లా పర్యాటక శాఖల వసతులు ‘హరిత’ పేరుతోనే ఉన్నాయి. డబ్బు కట్టేముందు ఏ రాష్ట్రమో చూసుకోండి.

బయలుదేరడానికి రెండు వారాల ముందే గుడారాన్ని మేడ మీద వేసి చూడాలి. ఎనిమిది పదేళ్లు మడతపెట్టి ఉంచిన పాలిస్టర్ టెంటు లోపలి పూత చేతికి జిగటగా తగిలి పుల్లటి వాసన వేస్తే అది ఇక నీళ్లాపదు. తేమకు ఆ పూతే విడిపోయింది. దానికి మరమ్మతు లేదు. పూత బాగుండి కుట్ల దగ్గరే కారుతుంటే కుట్టు పట్టీలు కొత్తవి అంటించొచ్చు. కర్రల లోపలి సాగుతాడు బిగువు పోతే పూర్తిగా లాగేసి, అదే మందం తాడు, కర్ర మొత్తం పొడవుకన్నా నాలుగో వంతు తక్కువ కొలతలో వేసుకోవాలి. జిప్పులకు కొవ్వొత్తి రుద్దండి. ఆ తర్వాత తోటకు నీళ్లు పట్టే గొట్టంతో పదిహేను నిమిషాలు పైనుంచి పోసి, లోపల నేలమీద పాత వార్తాపత్రికలు పరిచి చూడండి. ఎక్కడ కారుతోందో కాగితమే చెబుతుంది.

ఇంట్లో పాత నూలు కాన్వాసు గుడారం ఉంటే దాని లెక్క వేరు. తడిస్తే నూలుపోగు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి, నీళ్లు ఆగేది అందువల్లే. ఏళ్ల తరబడి ఎండిన గుడారాన్ని ఒకటి రెండుసార్లు బాగా తడిపి ఆరబెడితే గానీ ఆ గుణం తిరిగి రాదు. వాన పడుతుండగా లోపలినుంచి గుడ్డకు వేలు ఆనించినా, సంచి తగిలినా అక్కడ నీరు దిగడం మొదలవుతుంది. దాని నూలుతాళ్లు తడిస్తే కుంచించుకుపోయి మేకుల్ని పీకేస్తాయి కాబట్టి పడుకునే ముందు కాస్త వదులు చెయ్యాలి. నైలాన్ తాళ్లకు తిరగేసిన పద్ధతి: తడిసి సాగుతాయి, మళ్లీ బిగించాలి. పాత గుడారానికి కొత్త తాళ్లు వేసినవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు.

ఇక లంబసింగి. నర్సీపట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, ఘాటు రోడ్డు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. స్థానికులు కొర్రబయలు అని పిలిచే ఊరు ఇది. డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా డిగ్రీల దరిదాపులకు వస్తుంది. మైదానం నుంచి వెళ్లిన కుటుంబం అంచనా తప్పేది గాలి చలి దగ్గర కాదు, నేల చలి దగ్గర. పైన మూడు దుప్పట్లు కప్పుకుని కింద ఒక్క చాప వేసుకుంటే రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. ఒంటి బరువుకు కిందిది అణిగిపోతుంది, అణిగిన గుడ్డలో గాలి ఉండదు, గాలి లేని చోట వెచ్చదనం నిలవదు.

పడక ఇలా పరవాలి. అన్నిటికన్నా కింద, గుడారం వెలుపల, టార్పాలిన్ పట్టా. అది గుడారం అడుగుకన్నా అన్ని వైపులా మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే మంచునీరంతా దానిమీదికి జారి మీ కిందే చేరుతుంది. గుడారం లోపల 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప, దానిమీద జంపఖానా, దానిమీద విప్పి పరిచిన హోల్డాల్. దాని లోపలి అరల్లో బట్టలు పెడితే తలగడ వేరే మోసుకెళ్లక్కర్లేదు. కప్పుకోవడానికి రగ్గు, దానిపైన బొంత. అమ్మమ్మల చీరలూ తాతల పంచెలూ పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతను మాత్రం గుడారం గోడకు తగలనివ్వకండి. నూలు తేమ పీల్చుకుంటుంది, తడిసిన బొంత మామూలు దుప్పటికన్నా అధ్వాన్నం. కుట్టు చిట్లుతున్న బొంత అయితే పాత దారం వెంటే సన్నగా మళ్లీ కుట్టి తీసుకెళ్లండి. లోపలి చీర బయటికి కనిపించేంత చిరిగిందైతే ఇంట్లోనే ఉంచండి. బొంతను ఒక్కసారి ముళ్లకంపకు లాగితే దాన్ని తిరిగి సంపాదించలేం.

అద్దె గుడారాల విషయానికొస్తే, లంబసింగిలోనూ తాజంగి జలాశయం వైపూ సీజనులో చాలామంది వేస్తారు. ఫోన్లోనే మూడు సంగతులు అడగండి. పై కప్పు గుడ్డ వేరుగా ఉందా, అది నేలదాకా దిగుతుందా? రగ్గులు ఎప్పుడు ఉతికారు? ఎన్ని గుడారాలకు ఎన్ని మరుగుదొడ్లు, రాత్రి నీళ్లుంటాయా? మొదటిదానికి కాదన్నారంటే తెల్లారేసరికి మీ ఊపిరి తేమే లోపలి గుడ్డమీద చుక్కలై ముఖాన రాలుతుంది. రెండు పొరల గుడారంలో కూడా పై కిటికీని నాలుగు వేళ్లంత తెరిచి ఉంచాలి. ‘నలుగురికి’ అని అమ్మే గుడారం సుమారు 210 × 240 సెంటీమీటర్లు. మనిషికి 60 సెంటీమీటర్లు పోతే సామానుకు చోటే ఉండదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకు సరి. నాన్నమ్మ కూడా వస్తుంటే ఆవిడకు గుడారం వద్దు, దగ్గర్లో ఒక గది తీసుకోండి. నేలమీంచి లేవడం మోకాళ్లకు కష్టం, రాత్రిపూట మంచుగడ్డిలో నడక ఇంకా కష్టం.

ఎంత చలేసినా కుంపటి గానీ, స్టవ్వు గానీ, పెట్రోమాక్స్ దీపం గానీ గుడారం లోపలికి తేవద్దు. మూసిన గుడారంలో బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే మనిషి పోతాడు. వేడినీళ్ల సీసాను తువ్వాల్లో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి, రాత్రి సగం దాకా పనిచేస్తుంది.

పంపు స్టవ్వు లంబసింగికి సొంత బండిలో వెళ్లేవాళ్లకే. దాని మీద మమకారం ఉంటే బాగు చేయించి తీసుకెళ్లడం న్యాయమైన కోరికే, కానీ ఇంట్లో మూడుసార్లు వెలిగించి చూడకుండా వద్దు. పంపు కొడుతుంటే చేతికి బిగువు తగలకపోతే తోలు వాషరు ఎండిపోయింది. విప్పి రాత్రంతా ఆముదంలో నానబెట్టి, అంచులు వేళ్లతో విప్పార్చి ఎక్కించాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలి ఊళ్లో పనికిరాదు. కొట్టిన పంపు దానంతటదే పైకి తన్నుకొస్తుంటే గొట్టం అడుగున వాల్వు పోయింది. ఆ స్థితిలో వెలిగించకూడదు. టాంకు అతుకుల మీద సబ్బునురుగు రాసి పంపు కొట్టండి. బుడగ వస్తే దాని చోటు ఇక అద్దాల బీరువాలోనే.

అన్నీ బాగుంటే టాంకు ముప్పావు వంతు మించకుండా కిరోసిన్ పొయ్యాలి. పైన మిగిలిన ఖాళీలోనే గాలి ఒత్తిడి నిలిచేది. కిరోసిన్ ఆవిరి చిమ్మే సన్న కన్నాన్ని (నిప్పిల్‌ను) పిన్నుతో ఒకసారి పొడిచి, టాంకులో గాలి వదిలే మర వదులు చేసి, బర్నరు కింది గిన్నెలో స్పిరిటు పోసి వెలిగించాలి. అది ఆరబోతుండగా మర బిగించి నాలుగైదు సార్లు పంపు కొడితే నీలిమంట అందుకుంటుంది. పసుపు మంట ఎత్తుగా లేస్తే బర్నరు చాలినంత వేడెక్కలేదు, కిరోసిన్ ఆవిరి కాకుండా ద్రవంగానే చిమ్ముతోంది. వెంటనే మర విప్పి గాలి వదిలెయ్యండి, పూర్తిగా చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. వేడి బర్నరు మీద రెండోసారి స్పిరిటు పోస్తే చెయ్యి కాలుతుంది. రేషన్ కిరోసిన్ రోజులు పోయాయి కాబట్టి ముందే దొరికించుకుని ఇనుప డబ్బాలో పెట్టుకోవాలి, మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ వద్దు.

కొత్త పద్ధతి చిన్న గ్యాసు డబ్బాలకూ లంబసింగిలో చిక్కుంది. వాటిలో ఎక్కువగా ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీలకు కాస్త కిందే ఆవిరవడం మానేస్తుంది, తెల్లవారుజామున మంట నీరసిస్తుంది. డబ్బాను రాత్రి రగ్గులో పెట్టుకుని పొద్దున తీస్తే టీ మరుగుతుంది. దాన్ని మంట దగ్గర వెచ్చబెట్టకండి, పేలుతుంది. ఆ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నానికి పెద్ద తేడా తెలియదు కానీ కందిపప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. చిన్న కుక్కరు, కొత్త గాస్కెట్టు తీసుకెళ్లండి. లేదా పప్పు మానేసి కందిపొడి, నెయ్యి, నిమ్మకాయ ఊరగాయ పెట్టుకోండి. ఉప్మా రవ్వను ఇంట్లోనే తాలింపుతో వేయించి డబ్బాలో పోసుకుంటే అక్కడ గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల మరిగే నీళ్లు చాలు. నలుగురికి రెండు గ్లాసుల రవ్వ.

మరచెంబు మంచినీళ్లకు ఇప్పటికీ భేషుగ్గా ఉంటుంది. మూత మరల్లో పేరుకున్న చిలుమును చింతపండు, ముగ్గుపిండితో తోమి, బాగా కడిగి, మర తిప్పితే నీరు కారకుండా నిలుస్తుందో లేదో బోర్లించి చూడండి. మజ్జిగ, చారు, పులిహోర మాత్రం కళాయి లేని ఇత్తడిలో పెట్టకూడదు. పులుపుకు చిలుము దిగి వాంతులవుతాయి. కళాయి ఉన్న గిన్నెను ఖాళీగా పొయ్యి మీద వదలకండి. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరిగిపోతుంది. పాత గాజు ఫ్లాస్కు ఘాటు కుదుపులకు పగులుతుంది, స్టీలుది పట్టుకెళ్లండి. పెట్రోమాక్స్‌ను నేనైతే మానమనే అంటాను. దాని మంటకు తొడిగే గుడ్డవల, మేంటిల్, ఒకసారి కాలాక బూడిదే, ఒక్క గుంతకు రాలిపోతుంది. పాత మేంటిళ్లలో థోరియం ఉండేది కాబట్టి ఆ దుమ్ము పిల్లల దగ్గర దులపడం మంచిది కాదు. హరికేన్ లాంతరు చాలు, వత్తి సమంగా కత్తిరించి గుడారం బయట వేలాడదీయండి.

మారేడుమిల్లి పూర్తిగా వేరే ఊరు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా 80 కిలోమీటర్ల పైచిలుకు. వలమూరు దగ్గర వాగు పక్కన అటవీ శాఖ ‘జంగిల్ స్టార్’ శిబిరం ఉంది. అమృతధార, జలతరంగిణి జలపాతాలు చుట్టుపక్కలే. ఇక్కడ చలికన్నా తేమ, దోమ ముఖ్యం. ఏజెన్సీలో మలేరియా ఉంది. అటక మీంచి దింపాల్సింది బొంత కాదు, నాలుగు మూలలా పట్టీలున్న పాత నూలు దోమతెర. వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, ప్రతి కన్నానికీ తెర అంచు నుంచి తీసిన ముక్కతోనే అతుకు వేయండి, అంచులు పరుపు కిందికి దోపండి. అడవి పరిసరాల్లో సొంతంగా నిప్పు రాజెయ్యొద్దు. శిబిరంవాళ్లు చూపిన చోటే. వంట సామాను మోతకన్నా స్థానికులు చేసే బొంగు చికెన్, అన్నం మీద ఆధారపడటం నయం. మిగిలిన తిండిని గుడారంలో ఉంచితే కోతులు గుడ్డ చింపుతాయి.

అరకుకు రైల్లో వెళ్లేవాళ్లకు హోల్డాల్ అసలు తోడు. అది పుట్టిందే రైలు పడక కోసం. తోలు పట్టీలు పెళుసుబారి ఉంటాయి, వంచి చూస్తే పగులు కనిపిస్తుంది. వాటిని పారెయ్యకుండా విప్పి దాచి, రెండంగుళాల నవారు పట్టీలు కుట్టించుకోండి. కాన్వాసు మీద రంగుతో రాసిన తాతగారి పేరు, స్టేషను పేరు మీద మళ్లీ రంగు వెయ్యకండి. సబ్బు కూడా రుద్దొద్దు, తడిగుడ్డతో అద్దితే చాలు. అరకులోనూ, దారిలో టైడాలోనూ పర్యాటక శాఖ కాటేజీల్లో పడకలు ఇస్తారు కాబట్టి గుడారం, వంట సామాను అక్కర్లేదు. టిఫిన్ క్యారియర్‌లో మొదటి పూటకు పులిహోర, మరచెంబులో నీళ్లు, పిల్లలకు ఒక రగ్గు. సేవల విషయంలో లంబసింగికన్నా ఇక్కడ నిశ్చింత ఎక్కువ, ఆరుబయలు అనుభవం తక్కువ. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కూ ఇదే మాట. అక్కడ గాలి ఎక్కువ, గుడారం కన్నా గదే మేలు.

తిరిగొచ్చిన రోజే అన్నీ విప్పండి. రాత్రి మంచుకు తడిసిన గుడారం రెండు రోజులు మడతలో ఉంటే బూజు మచ్చలు పడతాయి, అవి పోవు. బొంతను తిప్పి తిప్పి రెండు ఎండలు ఎండబెట్టి, సాయంత్రం చల్లారాకే మడవాలి. వేడిగా పెట్టెలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. స్టవ్వులోని కిరోసిన్ పూర్తిగా వంపెయ్యండి, గాలి మర వదులుగా ఉంచండి. హోల్డాల్ పట్టీలు బిగించకుండా చుట్టి, మడతల్లో ఎండు వేపాకు వేసి, లోపలి అరలో ఒక కాగితం పెట్టండి: వాషరు ఎప్పుడు మార్చారు, ఏ మూల కారింది, ఏది తీసుకెళ్లి వాడలేదు, తేదీ.