పాత జర్మన్ ‘స్వతంత్రుల’ని ఇంగ్లీష్‌లో రాయాలంటే ఈ డిక్షనరీ కావాలి

జర్మన్ పాత దస్తావేజుల్ని ఇంగ్లీష్ చేసేవాళ్లు డాయ్‌చెస్ రెష్ట్స్‌వోర్టర్‌బుహ్‌ని ఒక ట్యాబ్‌లో తెరిచి పెట్టుకోండి. పాత న్యాయ పదాల డిక్షనరీ ఇది, 1897లో బెర్లిన్‌లో మొదలైంది, ఇప్పుడు హైడెల్‌బర్గ్ అకాడమీ చూసుకుంటోంది, ఆన్‌లైన్‌లో పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లీష్ అర్థాలు మాత్రం ఉండవు, వివరణ కూడా జర్మన్‌లోనే.

అయినా ఇదే ఎందుకంటే, నేను వాడిన ఒక ట్రాన్స్‌లేషన్ యాప్ ‘స్వతంత్రుడు’ (చట్టం దృష్టిలో ఏ ప్రభువుకీ సొత్తు కానివాడు) అనిపించే ప్రతివాడినీ ‘ఫ్రీమ్యాన్’ చేసి పారేసింది. 13వ శతాబ్దపు జర్మన్ న్యాయ గ్రంథం జాక్సెన్‌ష్పీగెల్ తీసుకోండి. అందులో షోఫెన్‌బార్ అంటే కోర్టులో తీర్పరిగా కూర్చునే అర్హత ఉన్న స్వతంత్రుడు, ప్ఫ్లేగ్‌హాఫ్టె అంటే స్వతంత్రుడే గానీ పన్ను బాధ్యత ఉన్నవాడు, లాండ్‌జాసె అయితే సొంత భూమి లేక అతిథిలా వచ్చిపోయేవాడు. మొదటివాడిని చంపితే కట్టాల్సిన పరిహారం 18 పౌండ్లు, మిగతా ఇద్దరికీ 10. ముగ్గురినీ ఒకే మాటతో కొట్టేస్తే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

డిక్షనరీలో మాట కొడితే అర్థాల కింద ఏ కాలంలో ఎవరు ఎలా వాడారో పాత వాక్యాలే వరసగా కనిపిస్తాయి. ఫ్రైహెర్ అనే ప్రభు బిరుదుని 18వ శతాబ్దపు కాగితంలో ‘బ్యారన్’ అంటే నడుస్తుంది, 13వ శతాబ్దంలో మాత్రం ‘ఫ్రీ లార్డ్’ అనడమే నయం. అసలు తలనొప్పి డీన్స్ట్‌మాన్‌తో, అంటే ప్రభువు కొలువులో ఉండే యోధుడితో: అతనికి గుర్రం, కత్తి, ఒక్కోసారి కోట కూడా ఉంటాయి, పుట్టుకతో మాత్రం అస్వతంత్రుడు. ‘సర్వెంట్’ అంటే చిన్నబుచ్చినట్టు, ‘వాసల్’ (ప్రభువుకి విధేయుడిగా మాటిచ్చిన స్వతంత్రుడు) అంటే అతని అస్వతంత్రత మాయం. నేనైతే జర్మన్ మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణ ఇస్తాను, ఎడిటర్లు గునిసినా సరే.

చిరాకులూ ఉన్నాయి. మూలగ్రంథాల పేర్లన్నీ పొట్టి అక్షరాల్లో, అంటే కుదించిన రూపంలో ఉంటాయి, ప్రతిదానికీ జాబితా వెతుక్కోవాలి. ఉదాహరణలు పాత స్పెల్లింగులో ఉంటాయి కాబట్టి మామూలు జర్మన్ వచ్చినవాళ్లకి కూడా మొదట్లో టెన్షనే. అక్షరమాల చివరి భాగం ఇంకా తయారవుతూనే ఉంది. 5కి 4 ఇస్తాను, ఆ తగ్గించిన ఒకటీ పొట్టి అక్షరాల ఖాతాలోకే.