పచ్చళ్ల ఫొటోలకు ఫోమ్ బోర్డు బ్యాక్‌డ్రాప్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఫొటోలు తీసుకునేవాళ్లకు ఫోమ్ బోర్డును మించిన చవకైన సామాను నాకింతవరకు కనిపించలేదు. కాకపోతే అది వెనక గోడలా నిలబెట్టడానికి పనికొచ్చినంతగా కింద నేలలా పరచడానికి పనికిరాదు. ఈ ఒక్క తేడా ముందే తెలిస్తే బోలెడు డబ్బు మిగులుతుంది.

మా వదిన విజయవాడ సింగ్ నగర్‌లో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది. ఫొటోలు తీసే పని నాది. 2022 ఆవకాయ సీజన్‌లో మొదలుపెట్టాం. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ బ్యాక్‌డ్రాప్ బోర్డులు ఒక్కోటి వెయ్యి పైనే ఉన్నాయి. నాలుగు రంగులు కావాలంటే ఒక నెల లాభం వాటికే పోతుంది. అందుకే సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాం. ఇప్పటికీ అవే వాడుతున్నాం, పాడైనవి మారుస్తూ.

ఏలూరు రోడ్డులో స్టేషనరీ షాపులకు వెళ్లి ఫోమ్ బోర్డు అంటే ఇస్తారు. రెండు కాగితాల మధ్య తెల్లటి నురగ పలక ఉంటుంది, మందం 5 మిల్లీమీటర్లు. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు, మోడళ్లకు కొనేది ఇదే. ఎ1 సైజు తీసుకోండి, అంటే దాదాపు 59 సెంటీమీటర్లు వెడల్పు, 84 పొడవు. ఎ3 ముక్కలు చవకే గానీ, ఒక పళ్లెం పెట్టేసరికి అంచులు ఫ్రేములోకి వచ్చేస్తాయి. ఇంకొక మాట. సన్‌బోర్డు అని అడిగితే కొన్ని షాపుల్లో ఇదే ఇస్తారు, ఫ్లెక్స్ షాపుల్లో మాత్రం గట్టి ప్లాస్టిక్ పలక ఇస్తారు. రెండూ వేరు, రెంటితోనూ పని ఉంది. గోటితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. ఫోమ్ బోర్డు మీద సొట్ట పడుతుంది, సన్‌బోర్డు మీద అంత తేలిగ్గా పడదు.

కోయడానికి కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు ఉంటే చాలు. ఒక్క కోతలో తెగ్గొట్టాలని బలంగా లాగితే లోపలి నురగ చిరిగి అంచు గరుగ్గా వస్తుంది. మొదటి కోత పై కాగితానికి, రెండోది నురగకు, మూడోది అడుగు కాగితానికి. చివరి కాగితాన్ని కోయకుండా వదిలేస్తే అదే మడత బందులా పనిచేస్తుంది. బోర్డు పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు తనంతట తానే నిలబడుతుంది, స్టాండు అక్కర్లేదు. ఆ మడత వెనక బైండింగ్ గుడ్డ టేపు అంటిస్తే ఏళ్లు వస్తుంది. నా దగ్గరున్న మొదటి జత ఇంకా అలాగే ఉంది, అంచులు మాత్రం నలిగాయి.

రంగు వేసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. స్ప్రే పెయింటు వద్దు. అందులోని ద్రావకం తగిలితే నురగ కరిగి గుంటలు పడుతుంది, ముఖ్యంగా కోసిన అంచుల దగ్గర. ఇంటి లోపలి గోడలకు వేసే మ్యాట్ (మెరుపు లేని) ఎమల్షన్ తెల్లది చిన్న డబ్బా తెచ్చుకుని, హార్డ్‌వేర్ షాపులో అమ్మే స్టెయినర్ సీసాలతో కావలసిన రంగు కలుపుకోవచ్చు. నల్ల స్టెయినర్ కొన్ని చుక్కలకే బూడిద రంగు వచ్చేస్తుంది, కాబట్టి చూసి వేయండి. రెండో విషయం, నీళ్ల రంగు ఒకవైపే వేస్తే ఆ కాగితం తడిసి ఆరేటప్పుడు బోర్డు వంకర తిరుగుతుంది. వెనక వైపు కూడా ఒక పూత వేస్తే చాలావరకు సరిపోతుంది. అది ఎలాగూ ఇంకో రంగు వేసుకోవడానికి అవకాశమే. బ్రష్షుతో కాకుండా గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో అద్దితే సిమెంటు గోడలాంటి మచ్చల అందం వస్తుంది. నీడలో, బల్ల మీద పడుకోబెట్టి ఆరబెట్టండి. మే నెల డాబా ఎండలో పెడితే వంకర ఖాయం.

ఇక అసలు లాభం దగ్గరికి వస్తాను. ఫోమ్ బోర్డు బ్యాక్‌డ్రాప్‌గా పనికొచ్చే దానికన్నా వెలుతురును అదుపు చేయడానికే ఎక్కువ పనికొస్తుంది. వదిన వాళ్ల హాలు గోడలకు పిస్తా పచ్చ రంగు ఉంది. కిటికీ వెలుతురు ఆ గోడకు తగిలి తిరిగొచ్చి కొబ్బరి పొడి మీద, తెల్లన్నం మీద పచ్చ ఛాయ వేసేది. ఫోనులో ఎంత సరిచేసినా అన్నం తెల్లబడితే ఆవకాయ ఎరుపు పాడయ్యేది. కిటికీకి ఎదురువైపు, పళ్లేనికి జానెడు దూరంలో రంగు వేయని తెల్ల ఫోమ్ బోర్డు నిలబెట్టగానే ఆ పచ్చదనం పోయింది. నీడ వైపు కూడా తెల్లటి వెలుతురు పడి ముక్కలు విడివిడిగా కనిపించాయి. ట్యూబులైటు మాత్రం ఆర్పేయండి. కిటికీ వెలుతురు, లైటు వెలుతురు కలిస్తే ఏ బోర్డూ కాపాడదు.

నల్ల బోర్డు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది వెలుతురును మింగేస్తుంది. కారప్పొడి కుప్పకు నీడ వైపు నల్ల బోర్డు పెడితే రవ్వ రవ్వకూ నీడ పడి పొడి గరుకుదనం తెలుస్తుంది. తెల్ల బోర్డు పెడితే అదే కుప్ప చదునుగా, ఎర్ర ముద్దలా వస్తుంది.

గాజు సీసాల విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పచ్చళ్లు అమ్మేవాళ్లందరికీ ఇదే తలనొప్పి. తెల్ల బ్యాక్‌డ్రాప్ ముందు సీసా పెడితే గాజు అంచులు తెలుపులో కలిసిపోయి, పచ్చడి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ఫ్రేములోకి రాకుండా సీసాకు అటూ ఇటూ నాలుగు వేళ్ల వెడల్పు నల్ల ముక్కలు నిలబెట్టండి. గాజు అంచుల వెంట సన్నటి నల్ల గీత వచ్చి సీసా ఆకారం దిగుతుంది. వెనక ముదురు రంగు బోర్డు ఉంటే తెల్ల ముక్కలు పెట్టాలి, అప్పుడు గీత తెల్లగా మెరుస్తుంది. పైన తేలిన పప్పునూనె మెరవాలంటే సీసా వెనక, కెమెరాకు కనబడనంత చిన్న తెల్ల ముక్క కాస్త ఏటవాలుగా పెట్టి కిటికీ వెలుతురు దానిమీద పడేలా చూసుకోండి. ఆ నూనె పొర బంగారు రంగులోకి తిరుగుతుంది. ఈ ఒక్క చిట్కాతోనే మా ఫొటోలు మారిపోయాయని నా నమ్మకం. ఇదంతా పారేయబోయిన కోత ముక్కలతో అయ్యే పని.

నేలగా ఎందుకు వద్దంటున్నానంటే, ఆవకాయ నూనె ఒక్క బొట్టు పడినా కాగితం పీల్చుకుని చుట్టూ మరక పాకుతుంది. పసుపు పడితే ఇక చెప్పక్కర్లేదు. పసుపు మరక ఎండకు కొంత వెలుస్తుంది గానీ, ఎండలో పెడితే బోర్డు వంగుతుంది. ఎమల్షన్ పూత ఉన్నా తడిగుడ్డతో రుద్దితే రంగే లేచొస్తుంది. రోటి పచ్చడి ఉన్న రాతి గిన్నె పెట్టి తీస్తే అడుగున వలయంలా సొట్ట పడి, తర్వాతి ఫొటోల్లో అదే కనిపిస్తుంది.

నేలకు సన్‌బోర్డు మంచిది. వన్ టౌన్‌లో ఒక ఫ్లెక్స్ షాపులో రెండడుగుల చదరపు ముక్క మీద చెక్క డిజైన్ వినైల్ (పల్చటి ప్లాస్టిక్ స్టిక్కరు) ప్రింటు వేయించి అంటించాను. చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు, అన్నీ కలిపి మూడొందల లోపే అయింది. అక్కడి అబ్బాయి “గ్లాసీ వేయించుకోండి మేడం, బాగా మెరుస్తుంది” అన్నాడు. దుకాణం బోర్డుకైతే నిజమే. మన ఫొటోలో ఆ మెరుపు కిటికీ ఆకారంలో తెల్ల మచ్చగా కనిపిస్తుంది. మ్యాట్ లామినేషన్ అని గట్టిగా చెప్పండి, వేశాక లైటు కింద వంచి చూసుకుని తెచ్చుకోండి. డబ్బు పెట్టాల్సింది డిజైన్ మీద కాదు, మ్యాట్ మీదే. డిజైన్‌లో చెక్క పలక వెడల్పు మూడు నాలుగు అంగుళాలు ఉండేలా చూసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన చిన్న బొమ్మను సాగదీస్తే ఒక్కో పలక అడుగు వెడల్పు వచ్చి, చిన్న గిన్నె దాని మీద ఆటబొమ్మలా కనిపిస్తుంది. నూనె పడితే గిన్నెల సబ్బు నీళ్లతో తుడిస్తే పోతుంది. పసుపు మాత్రం ఆరకముందే తుడవాలి. సన్‌బోర్డుకూ ఎండ పడదు. మధ్యాహ్నం ఎండలో గోడకు ఆనించి పెడితే మెత్తబడి నడుం వంచేస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వదిన వాళ్ల ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. ఆ వరదలో జనం పోగొట్టుకున్నవాటి ముందు ఈ బోర్డులు ఒక లెక్కా అనిపిస్తుంది, అయినా సమీక్ష కాబట్టి చెప్పాలి. కింద ఉన్న ఫోమ్ బోర్డులన్నీ కాగితం ఊడి, బూజు పట్టి పోయాయి. బీరువా మీద పెట్టిన జతే మిగిలింది. సన్‌బోర్డులు బురదలో నానినా, కడిగి నీడలో ఆరబెట్టాక మళ్లీ వాడుకున్నాం. ఒకదానికి మూల దగ్గర వినైల్ లేచింది, అంతే. మామూలు వానాకాలపు చెమ్మకు కూడా ఫోమ్ బోర్డు కొద్దిగా వంగుతుంది. గోడకు ఆనించకుండా పడుకోబెట్టి, పైన బరువు పెడితే నిలుస్తుంది.

రంగుల సంగతి క్లుప్తంగా. నా దగ్గర రోజూ వాడేవి రెండే: నీలం కలిసిన ముదురు బూడిద, లేత గోధుమ. ఆవకాయ, కారప్పొడి మొదటిదాని మీద ఉట్టిపడతాయి. గోంగూర ముదురు రంగు కాబట్టి రెండోదే దిక్కు. నెమలికంఠం రంగు ఒకటి వేశాను, అది పచ్చడి కన్నా ముందు తనే కనిపిస్తుంది, కాబట్టి పక్కన పెట్టేశాను. ముదురు బోర్డు ముందు ఫోను తనంతట తానే వెలుతురు పెంచేసి ఎరుపును చదును చేస్తుంది. వేలితో నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కాస్త కిందికి జరపండి. తెల్ల బోర్డు ముందు ఇది తిరగబడుతుంది. తెలుపు ఎక్కువైతే ఫోను వెలుతురు తగ్గించి బూడిదగా తీస్తుంది, అప్పుడు పైకి జరపాలి.

తెర్మాకోల్ ఇంకా చవక కదా అని అడుగుతుంటారు. వెలుతురు తిప్పడానికి అది బాగానే ఉంటుంది గానీ, కోస్తే రవ్వలు రాలి పొడిలో, పళ్లెంలో పడతాయి. తిండి ఫొటోల దగ్గర అది నాకు నచ్చదు. చీరలకు, పెద్ద సామానుకు ఈ సైజు బోర్డులు చాలవు, వాటికి గుడ్డే మేలు. గిన్నెలు, సీసాలు, నగల వరకైతే రెండు ఎ1 ఫోమ్ బోర్డులు, అందులో ఒకటి ఒకవైపు నలుపు, ఒక మ్యాట్ సన్‌బోర్డుతో మొదలుపెట్టండి. ఫ్లెక్స్ షాపుకు వెళ్లినప్పుడు మూలన పడి ఉన్న సన్‌బోర్డు ముక్కలు కూడా అడగండి. మాకు తక్కువకే ఇచ్చారు, సీసాల పక్కన నిలబెట్టే ముక్కలన్నీ ఇప్పుడు వాటితోనే చేస్తున్నాను.