చెక్క కొరికే చేపతో నాలుగైదేళ్లు: క్లౌన్ ప్లెకో సమీక్ష

అక్వేరియంలో పాచి తినే చేప కావాలనుకునేవాళ్లు క్లౌన్ ప్లెకో జోలికి వెళ్లవద్దు. దుకాణాల్లో దీన్ని అంటగట్టేటప్పుడు ముందుగా వినిపించే మాట 'అద్దాలు శుభ్రం చేస్తుంది సార్' అన్నదే. విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఇవి రెండు నాలుగైదేళ్లుగా పెరుగుతున్నాయి. అద్దం మీద పాచి ఇప్పటికీ నేనే గీకుతున్నాను. వీటి ధ్యాస అంతా చెక్క మీదే.

ఇది వెనెజులాలో ఒరినోకో నదీ ప్రాంతపు జెల్ల జాతి చేప. శాస్త్రనామం పనకోలస్ మాకస్. నల్లటి ఒంటి మీద లేత పసుపు చారలు. ఎంత పెరిగినా పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నూరు లీటర్ల ట్యాంకు ఉన్న నాకు అదే నచ్చింది. చెక్క కొరికే వాటిలో రాయల్ ప్లెకో దీనికన్నా అందగత్తె, కానీ అడుగు దాటి పెరుగుతుంది. చవకగా దొరికే మామూలు సక్కర్ ఫిష్ అయితే వేలెడంత పిల్లగా ఇంటికొచ్చి, చివరికి ట్యాంకులో వెనక్కి తిరగలేనంత అవుతుంది. అప్పుడు దాన్ని చెరువులోనో కాలువలోనో వదిలేసే పుణ్యాత్ములు చాలామంది. మన చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే.

చెక్క తింటుందంటే చెదపురుగులా అరిగించుకుంటుందని కాదు. చెంచా ఆకారపు పళ్లతో చెక్కను గీరి మింగుతుంది. దీని దగ్గరి బంధువుల మీద 2009లో వెలువడిన పరిశోధన ప్రకారం, చెక్కలోని సెల్యులోజు వాటి పేగుల్లో పెద్దగా జీర్ణం కాదు, కొన్ని గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. ఒంటబట్టేది నానిన చెక్క మీద, లోపల పెరిగే సూక్ష్మజీవులూ కుళ్లిన పదార్థమూ.

ఆ పరిశోధన సారాంశం మా ట్యాంకు అడుగున రోజూ కనబడుతుంది. పొద్దున్నే చూస్తే ఇసుక మీద రంపపు పొట్టు పరిచినట్టే ఉంటుంది. నీళ్లను అంతగా పాడు చేయదు గానీ, ఫిల్టరు స్పాంజిని మాత్రం మూసేస్తుంది. వారానికోసారి పిండాల్సిందే, అదీ ట్యాంకులోంచి తీసిన నీళ్లలో. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే స్పాంజిలోని మంచి బ్యాక్టీరియా చస్తుంది. ఈ చాకిరీ వద్దనుకుంటే ఈ చేపా వద్దు.

చెక్క సంగతి. దుకాణంలో అమ్మే బాగ్‌వుడ్ (బురదనేలల్లో ఏళ్ల తరబడి నానిన చెక్క) మంచిదే. బెరడు తీసి పూర్తిగా ఎండబెట్టిన జామకొమ్మను ఇవి ఇంకా ఇష్టంగా కొరుకుతున్నాయని నా అభిప్రాయం. జిగురు, పాలు కారే చెట్ల కొమ్మలు మాత్రం పెట్టకండి. బీచిలో కొట్టుకొచ్చిన దుంగలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఉప్పు పీల్చుకుని ఉంటాయి, పైన ఏ రంగు, ఏ తారు అంటిందో చెప్పలేం. కేవలం చెక్కతో కడుపు నిండదు కాబట్టి రాత్రి లైటు ఆర్పాక మునిగే బిళ్లలు, ఉడికించిన బీరకాయ ముక్క వేస్తాను. మాంసం ఎక్కువున్న మేత వీటికి పడదు.

ఇది రాత్రిపూట తిరిగే చేప. పగలు దుంగ కింద దూరి తోక కూడా చూపించదు. మా అత్తయ్య వచ్చినప్పుడల్లా "ఖాళీ తొట్టెకు ఇంత కరెంటు ఎందుకు బాబూ?" అని అడుగుతుంది. నచ్చజెప్పడం మానేశాను. పగలు కనబడాలి, కాస్త పాచీ తినాలి అంటే బ్రిసిల్‌నోస్ అనే మరో రకం ప్లెకో కొనుక్కోండి. చౌక కూడా.

విశాఖలో అసలు తంటా ఎండాకాలం. నీళ్లు 28 డిగ్రీలు దాటకపోతే వీటికి హాయి, మే నెలలో ఇంట్లోనే 31కి వెళ్తాయి. ట్యాంకు మీదికి చిన్న ఫ్యాను తిప్పితే చల్లబడతాయంటారు. పొడిగాలి ఉన్న ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. మన ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరి కాదు, కాబట్టి తగ్గేది కొంచెమే. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కనుక నేను గాలి పంపును పెంచుతాను. బ్యాటరీతో నడిచే పంపు ఒకటి విడిగా ఉంది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరికి దాని అవసరం వివరించనక్కర్లేదు. హీటరు మాత్రం ఇంతవరకు కొనలేదు.

ధర సక్కర్ ఫిష్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి తొందరపడకండి. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. లోపలికి పీక్కుపోయినా, కళ్లు గుంటలు పడినా దిగుమతిలో పస్తులున్న చేపని అర్థం. అలాంటిదాన్ని మళ్లీ మేతకు అలవాటు చేయడం కష్టం. దుకాణంలో చేపను ఉంచిన తొట్టెలో చెక్కముక్క ఒక్కటీ లేకపోతే, ఎంత తగ్గించి ఇస్తామన్నా నేను కొనను.